తంబి తిండి

హైమవతి నెల్లూరు రైలెక్కిన మర్నాటి నుంచే తాబేలు తిండి మానేసింది.

మొదట హైందవి పెద్దగా పట్టించుకోలేదు. గుప్పెడు ఎండు రొయ్యలు తొట్టిలో వేసి, మేడమీద తన గదికి పోయి, లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. మధ్యాహ్నం దిగివచ్చి చూస్తే రొయ్యలు నీళ్ళలో నాని ఉబ్బి తేలుతున్నాయి. తాబేలు వాటి వంకైనా చూడలేదు. ముందుకాళ్ళు తొట్టి గోడకు ఆనించి, గోళ్ళతో గీకుతూ పైకెక్కాలని చూస్తోంది. ఎక్కుతుంది, జారుతుంది, వెల్లకిలా పడబోయి నిలదొక్కుకుంటుంది. మళ్ళీ అదే మూలకు పోయి గీకుతుంది.

"ఏంట్రా తంబీ, అలిగావా?" అంది హైందవి. తాబేలు ఆగలేదు.

హైందవిది రాజమండ్రి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి మద్రాసు వచ్చి ఏడాది కాలేదు. మైలాపూరులో, వంతెనమీద రైలు పోయే రోడ్డు పక్క సందులో, హైమవతిగారి మేడమీది గదిలో అద్దెకుంటోంది. చేస్తున్న ప్రాజెక్టు అయిపోయాక కంపెనీవాళ్ళు ఆమెను బెంచి మీద కూర్చోబెట్టారు. జీతం వస్తుంది, పని ఉండదు. ఏ రోజు ఏ పనిలోకి లాగుతారో, ఏ రోజు ఇక చాలు పొమ్మంటారో తెలియదు. ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. మోగకపోతే తీసి చూసుకుంటుంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తోచదు. ఇప్పుడు దానికి ఈ గోకుడు తోడయింది.

హైమవతి వాళ్ళ తాతల కాలంలోనే గూడూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆమె భర్త వెంకటాచలం సినిమా స్టూడియోల్లో మేకప్ పని చేసేవాడు. కొళత్తూరు చేపల సంతలో రూపాయి బిళ్ళంత తాబేలు పిల్లను కొని తెచ్చి, తమ్ముడి లెక్కన 'తంబి' అని పేరు పెట్టుకున్నది ఆయనే. మూడేళ్ళ కిందట ఆయన గుండెపోటుతో పోయాడు. తంబి మాత్రం అన్నం పళ్ళెమంత పెరిగింది.

హైమవతి అక్కకు మోకాలి ఆపరేషన్. పెట్టె సర్దుకుని ఆటో ఎక్కుతూ ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పింది ఒక్కటే. "పొద్దున్నే గుప్పెడు ఎండు రొయ్యలు, అంతే పాపా. ఇంకేం పెట్టబాకు. ఆయన ఉన్నప్పుడూ అదే, ఇప్పుడూ అదే. వాడికి వేరేది పడదు."

సాయంత్రం ఆమె ఫోను చేసింది. వెనకాల ఆస్పత్రి గోల.

"తంబి తిన్నాడా?"

ఆపరేషన్ థియేటరు బయట కూర్చున్న మనిషికి ఇంకో దిగులెందుకని, "తిన్నాడండి ఆంటీ" అంది హైందవి.

రెండో రోజూ తినలేదు. హైందవి మార్కెట్టుకు పోయి పాలకూర కట్ట తెచ్చి వేసింది. క్యారెట్టు తురిమి వేసింది. కోడిగుడ్డు ఉడకబెట్టి ముక్కలు చేసింది. అన్నీ నీళ్ళలో తేలి, తొట్టి వాసనేసింది. నీళ్ళు మార్చింది. ఫోనులో వెతికింది. ఒకరు పాలకూర మంచిదన్నారు, ఇంకొకరు దాని జోలికే పోవద్దన్నారు. చేపలు పెట్టమని ఒకడు వీడియోలో అరుస్తున్నాడు. పెద్ద తాబేలుకు మాంసం తగ్గించి ఆకులు ఎక్కువ పెట్టాలని ఇంకొకామె నెమ్మదిగా చెబుతోంది. ఎవరిని నమ్మాలో తెలియక హైందవి గదిలో కిటికీ నుంచి తలుపుదాకా, తలుపు నుంచి కిటికీదాకా తిరిగింది. ఈలోగా మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. త్వరలో చెబుతాం అని. ఆ త్వరలో అన్నమాట ఆయన నెలరోజులుగా అంటున్నాడు.

"తిన్నాడా పాపా?"

"తిన్నాడండి. అక్కగారికి ఎలా ఉంది?"

మూడో రోజు పొద్దున నీళ్ళు మారుద్దామని తంబిని రెండు చేతులా ఎత్తింది. అది నాలుగు కాళ్ళూ గాలిలో ఈదుతూ ఆమె మణికట్టు గీరేసింది. గట్టిగా పట్టుకోబోతే వెనకవైపు చిప్ప అంచు ఆమె బొటనవేలి కింద లోపలికి నొక్కుకుపోయింది, పాత ప్లాస్టిక్ డబ్బా మూతలా. హైందవి గబుక్కున దాన్ని కింద పెట్టేసింది. తాబేటి చిప్ప మెత్తగా ఉండటమేమిటి? వంగి మొహంలోకి చూసింది. రెండు కళ్ళూ వాచి, రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి.

ఇక దాచి లాభం లేదనుకుని, తానే నెల్లూరుకు ఫోను చేసింది.

"ఆంటీ, తంబికి ఒంట్లో బాగోలేదండి. తినట్లేదు. చిప్ప మెత్తబడింది. డాక్టరుకి చూపిస్తానండి."

"నిన్న తిన్నాడంటివే?"

హైందవి మణికట్టు మీది గీరు రుద్దుకుంది.

"తాబేలుకు డాక్టరేంది పాపా? వద్దు. సూదులు గీదులు పొడిచి చంపేస్తారు. ఎండలకు అట్నే ఉంటాడు వాడు. నేను వచ్చేదాకా చుమ్మా ఉండు. ఏం చెయ్యబాకు, సరేనా?"

"సరేనండి" అంది హైందవి.

ఫోను పెట్టేసి మెట్లమీద కూర్చుంది. గోకుడు ఆగలేదు. ఊరుకోమన్నారు కాబట్టి ఊరుకుందామనుకుంది. తాబేలు తనది కాదు, ఇల్లూ తనది కాదు. రేపు దీనికేమైనా అయితే నువ్వు ఊరుకున్నావేమని ఎవరూ అడగరు. తీసుకెళ్ళాక అయితే మాత్రం నువ్వే చంపావంటారు. ఇదంతా మనసులో సరిగ్గా లెక్క తేల్చుకుని, లేచి, బకెట్టులో తడి తువ్వాలు పరిచి తంబిని అందులో పెట్టి ఆటో పిలిచింది.

ఆటో డ్రైవరు బకెట్టులోకి తొంగిచూసి మొహం చిట్లించాడు. "ఆమై పుగుంద వీడు..." అని ఏదో మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మిగతాది మింగేశాడు. హైందవికి తమిళం అంతంతమాత్రమే అయినా ఆ సామెత తెలుసు. తాబేలు దూరిన ఇల్లు బాగుపడదని. వెంకటాచలం పోయిన కొత్తలో చుట్టాలంతా అదే అన్నారని, దాన్ని ఏ చెరువులోనో వదిలెయ్యమని పోరారని హైమవతే ఒకసారి చెప్పింది. దారి పొడుగునా మెట్రో పనుల రేకులు, దుమ్ము, హారన్లు. ఆటో ఆగినప్పుడల్లా బకెట్టులో గోకుడు వినిపించేది. ఫోను మోగుతుందేమోనని ఒక చెయ్యి సంచిలో, తాబేలు దూకుతుందేమోనని ఒక చెయ్యి బకెట్టు మీద పెట్టుకుని కూర్చుంది.

పశువుల డాక్టరు వసంతలక్ష్మి. వాళ్ళది తిరుత్తణి వైపు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. తంబిని బల్లమీద పెట్టి, అటూ ఇటూ తిప్పి, తోక చూసి, ముందుకాళ్ళ గోళ్ళు చూసి, కళ్ళు చూసి, చిప్ప అంచులు నొక్కి చూసింది. ఎక్స్‌రే తీయించింది.

"పేరేమి?"

"తంబి అండి. పధ్నాలుగేళ్ళది."

డాక్టరు నవ్వి, తెరను ఆమెవైపు తిప్పింది. తాబేలు కడుపులో, వెన్నెముకకు అటూ ఇటూ, కోలగా ఆరు నీడలు.

"తంబి కాదమ్మా, తంగచ్చి, చెల్లెలు. అవి గుడ్లు."

హైందవి తెరకు దగ్గరగా వంగింది. "మరి... ఇంకో తాబేలే లేదు కదండీ ఇంట్లో?"

"కోడి పెట్టదా, పుంజు లేకుండా? ఇదీ అంతే. పిల్లలు రావు, గుడ్లు మాత్రం వస్తాయి. పెట్టడానికి మన్ను కావాలి. తొట్టిలో మన్నెక్కడ? అందుకే తిండి మాని గోడలెక్కుతోంది. అదొక్కటే అయితే నాకు భయం లేదు." డాక్టరు తెరమీద వేలు పెట్టింది. "ఈ పెంకులు చూడు, ఎంత పల్చగా కనపడతాండాయో. దీని ఒంట్లో కాల్షియం లేదు. ఉన్న కాస్తా చిప్పలోంచి తీసి గుడ్లకు పెట్టేసింది. కడుపులో గుడ్డు పగిలినా, ఇరుక్కున్నా కష్టం. ఏం పెడతారు దీనికి?"

"ఎండు రొయ్యలండి."

"ఇంకా?"

"అంతేనండి."

డాక్టరు కోప్పడలేదు. "ఎండు రొయ్య విషమేం కాదు. అదొక్కటే పెడితేనే చేటు. మనిషికి రోజూ అప్పడాలతోనే కడుపు నింపితే? బతకడా, కొన్నాళ్ళు బతుకుతాడు. పైగా బజారు రొయ్యల్లో ఉప్పు. పిల్లగా ఉన్నప్పుడు మాంసం ఎక్కువ కావాల, పెద్దదయ్యాక ఆకు ఎక్కువ కావాల. మునగాకు, మందారాకు, గుమ్మడికాయ, క్యారెట్టు. వాటితో కళ్ళ వాపు కూడా తగ్గుతుంది. వారానికి రెండుసార్లు చిన్న చేప, ముల్లుతో సహా. తాబేళ్ళకని అమ్మే గుళికలు కొంచెం. పాలకూర వద్దు, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనియ్యదు. రోజూ పొద్దుటెండ. ఎండ లేకుంటే ఏం పెట్టినా వృథా."

కాల్షియం సూది వేసింది. జానెడు లోతు మన్ను ఉన్నచోట వదలమంది. రెండు రోజులు చూసి, పెట్టకపోతే మళ్ళీ తీసుకురమ్మంది. అప్పుడు గుడ్లు దిగడానికి మందివ్వాలి, అదీ పనిచెయ్యకపోతే కొయ్యాలి. "మన్నులో వదిలి దూరంగా ఉండు. మాటిమాటికీ పోయి చూస్తే అది పెట్టదు" అని గుమ్మం దగ్గర మళ్ళీ హెచ్చరించింది.

ఇంటికి వస్తూనే నెల్లూరుకు ఫోను చేసింది హైందవి. చెప్పినమాట వినలేదన్నది ముందు చెప్పింది. తరవాత గుడ్ల సంగతి, చివర తిండి సంగతి.

"గుడ్లా?" అంది హైమవతి. "మా ఆయన పోయేదాకా పదకొండేళ్ళు వాణ్ణి తంబీ తంబీ అని పిలిచినాడు పాపా."

"అవునండి."

"రొయ్యలు తప్పంటాందా ఆ డాక్టరు? ఆయన తప్పు పెట్టినాడంటాందా?" గొంతు లేచింది. "ప్రాణంగా సాకినాడు వాణ్ణి. షూటింగు నుంచి ఏ యాళకొచ్చినా ముందు తొట్టి కాడికే పొయ్యేవోడు. నువ్వు నిన్నగాక మొన్నొచ్చి..." మాట ఆగిపోయింది. పక్కనెవరో ఆమెను ఏమయిందని అడగటం వినిపించింది.

"ఆంటీ, ఎండలో పెట్టమన్నారండి. అంకుల్ ఎప్పుడైనా ఎండలో పెట్టేవారా?"

హైమవతి గొంతు మారింది. "పొద్దున్నే బకెట్టులో ఏసుకుని మొట్టమాడి మీదికి, డాబా మీదికి పొయ్యేవోడు. మందారం చెట్టు కాడ వదిలి పేపరు చదువుకునేవోడు. ఆ చెట్టుకు కింద కొమ్మల్లో ఒక్కాకు మిగిలేది కాదు. అదేదో ఇద్దరి సరదా అనుకున్నా. తిండి అనుకోలా. నాకు మోకాళ్ళనొప్పి, నేను పైకెక్కిందే లేదు. వంటింట్లోంచి పొయ్యేది రొయ్యలే గదా, నేను చూసింది అదే."

హైందవి ఫోను చెవిన పెట్టుకునే బకెట్టు తీసుకుని మెట్లెక్కసాగింది.

"ఆ చెట్టు ఉండాదా ఇంకా?" అని అడిగింది హైమవతి.

ఉంది. హైందవి గది ముందరే, డాబా మూల ఇటికలు కట్టి పోసిన మట్టిమడిలో. రోజూ చూసేదే, ఎవరు వేశారని ఎప్పుడూ అడగలేదు. నీళ్ళు పోసి మట్టి మెత్తబరిచింది. చుట్టూ పాత చెక్కపలకలు అడ్డం పెట్టి తంబిని వదిలింది. అది మడి చుట్టూ తిరిగింది. ఒకచోట వెనక కాళ్ళతో నాలుగు దోసిళ్ళ మట్టి తవ్వి, వదిలేసి, ఇంకోచోటికి పోయింది. అక్కడా వదిలేసింది. ఎండ ముదిరేసరికి నీడ కోసం గోనెపట్టా కట్టింది హైందవి. గదిలోకి పోయి తలుపేసుకుంది. కిటికీ రెక్క సందులోంచి చూసింది. చూడకూడదనుకుని మంచం మీద అటు తిరిగి పడుకుంది. లేచి మళ్ళీ చూసింది. ఆ రోజంతా ఏమీ జరగలేదు. రాత్రి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, వెలిగించడం మరచి, ఆకలేసినప్పుడు చూసుకుంది.

మర్నాడు పదిగంటలకు తంబి మందారం మొదట్లో తవ్వుతుండగా ఫోను మోగింది. మేనేజరు.

"హైందవీ, ఒక ప్రాజెక్టు ఉంది. క్లయింటు ఇప్పుడే మాట్లాడతానంటున్నారు. కాల్ కలపనా?"

"ఇప్పుడేనా అండి?"

"ఇప్పుడే. ఈ అవకాశం పోతే ఇంకోటి నా చేతిలో లేదు."

గదిలో సిగ్నలు సరిగా రాదు. డాబా మీదే, గోడ నీడలో, మడికి వీపు తిప్పి కూర్చుని మాట్లాడింది. అవతల ఇద్దరు. ఇంతకుముందు ఏం చేశావు, ఎలా చేశావు అని అడుగుతున్నారు. ఆమె చెబుతూనే ఉంది. వెనక మట్టి రాలుతున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ మొదలైంది. కష్టమైన సమస్య ఎదురైతే ఏం చేస్తావని ఒకాయన అడిగాడు. వెనక చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తిరిగి చూడాలని మెడ లాగుతోంది. చూడకుండా ఏదో చెప్పింది. వాళ్ళు థాంక్యూ అన్నారు. కాల్ అయిపోయాక తాను చెప్పినదాంట్లో ఒక్క ముక్క గుర్తులేదు.

మెల్లగా వెనక్కి తిరిగింది. తంబి గుంటకు వీపుపెట్టి కదలకుండా ఉంది. వెనక కాలు ఒకటి జాగ్రత్తగా గుంటలోకి దిగింది. అప్పుడు తెల్లగా, కోలగా ఒక గుడ్డు జారి మట్టిలో పడింది. తాబేలు దాన్ని పాదంతో పక్కకు జరిపింది, ఎవరో నేర్పినట్టు. హైందవి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

నాలుగు పెట్టింది. నాలుగోది పెంకు గట్టిపడక తడికాగితంలా నలిగిపోయింది. ఆ తరవాత తంబి తవ్వలేదు, మట్టి కప్పనూ లేదు. గుంట పక్కనే మెడ చాచి పడుకుంది. ఎక్స్‌రేలో ఉన్నవి ఆరు.

సాయంత్రానికి హైమవతి వచ్చేసింది. అక్కను మేనకోడలికి అప్పగించి, దొరికిన రైలెక్కి. పెట్టె కింద గుమ్మంలోనే వదిలి, గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకొచ్చింది. మడి దగ్గర చతికిలబడి గుడ్లు చూసింది, తంబిని చూసింది. ఆయాసం తగ్గాక హైందవి వైపు తిరిగింది.

"తిన్నాడండి, తిన్నాడండి అని నాతో అబద్ధం చెప్పినావు."

"తప్పేనండి. మీరు అక్కడ ఆస్పత్రిలో ఉన్నారని..."

"చెప్పుంటే మాత్రం నేను డాక్టరు కాడికి పొమ్మనుంటానా? వద్దనే అనుంటా. అన్నా కూడా." ఆమె తాబేటి వీపు మీద చెయ్యి వేసింది. వేలు అంచుకు జరిగి, మెత్తదనం తగిలి ఆగింది. "ఆయన పోయినప్పుడు అందరూ దీన్ని పారెయ్యమన్నారు. మా అక్కతో సహా. పారెయ్యలా. పోట్లాడి ఉంచుకున్నా. అది చాలనుకున్నా పాపా."

ఆమె ఏడవలేదు. "ఆరన్నావే, ఇంకో రెండు లోపలే ఉండాయి, పద" అని లేచింది. అదే బకెట్టు, అదే తువ్వాలు. ఆటోలో ఈసారి బకెట్టు హైమవతి ఒళ్ళో ఉంది. లోపల చప్పుడు లేదు. అది ఇద్దరినీ ఇంకా భయపెట్టింది. ఒకరు మాట్లాడబోతే ఇంకొకరు డ్రైవరును తొందర పెట్టారు.

మందు పనిచేసింది. డాక్టరు దగ్గరే, నీళ్ళ తొట్టిలో, మిగతా రెండూ పడ్డాయి. కొయ్యాల్సిన అవసరం రాలేదు. మెత్తబడి చిప్ప మీద పడ్డ గుంటలు అలాగే ఉంటాయని, ఇకముందు పెరిగేదే గట్టిగా పెరుగుతుందని డాక్టరు చెప్పింది.

అంతటితో అయిపోతుందనుకుంది హైందవి. అసలు కష్టం అప్పుడే మొదలైంది. తంబి ఆకు ముట్టదు. గుమ్మడిముక్క వేస్తే తలతో పక్కకు తోస్తుంది. మునగాకు వేస్తే తొట్టి అవతలి మూలకు పోతుంది. మూడేళ్ళుగా రొయ్యలకు అలవాటు పడిన నోరు. హైందవికి సిరుసేరిలో కొత్త ప్రాజెక్టు వచ్చింది. తెల్లవారగానే కంపెనీ బస్సు. పోయేముందు తంబిని పైకి చేర్చి, ఎండలో ఉంచి, ఆకులు వేసి పరుగెత్తేది. ఆఫీసులో ఉన్నంతసేపూ మనసు ఇక్కడే. ఒకరోజు తొందరగా వచ్చి చూస్తే, హైమవతి కొంగు చాటు నుంచి రొయ్యలు తీసి తొట్టిలో వేస్తోంది.

"ఆంటీ!"

"పస్తులుండాడు పాపా. చూళ్ళేకపోతాండా."

"అదే పెడుతుంటే ఆకులెందుకు తింటుందండీ?"

"నీకేం, పొద్దున పోతావు, మాపటికొస్తావు. రోజంతా ఆ మొహం చూసేది నేను." హైమవతి చెయ్యి దులుపుకుని లోపలికి పోయింది. ఆ రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

మూడోనాడు హైమవతే డాక్టరుకు ఫోను చేసి తన సంగతి తానే చెప్పుకుంది. డాక్టరు చిన్న ఉపాయం చెప్పింది. రొయ్యలు ఉప్పు పోయేదాకా బాగా కడిగి, మంచినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళలో గుమ్మడితురుమూ మునగాకూ కలిపి పెట్టమని. వాసన రొయ్యలది, తిండి ఆకుది. రొయ్య మాత్రం లెక్కకు ఒకటి, అదీ కనపడకుండా. ఆదివారం ఇద్దరూ పట్టినపాక్కం ఇసకలో నడిచి, అలలు ఒడ్డుకు తోసిన కణవాయి అనే సముద్రప్రాణి తెల్లటి ఎముకలు ఏరుకొచ్చారు. కడిగి ఆరబెట్టి, గీకి ఆ పొడీ చల్లారు. కాల్షియమని.

ఒక పొద్దున హైందవి చెప్పులేసుకుంటుంటే హైమవతి డాబా మీంచి కేకేసింది. హైందవి పైకి పరుగెత్తింది. మందారం నీడలో తంబి మెడ చాచి, గుమ్మడి కలిపిన ముద్దను వాసన చూస్తోంది. వెనక్కి తగ్గింది. మళ్ళీ ముందుకొచ్చింది. టక్కున కొరికింది. మునగాకు రెబ్బ ఒకటి నోటి పక్కన వేలాడుతుంటే ముందుకాలితో లోపలికి తోసుకుని ఇంకో ముద్ద కొరికింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. కింద రోడ్డు మీద కంపెనీ బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"నీ బస్సు పాపా" అంది హైమవతి, తల తిప్పకుండా.

"ఇంకోటి ఉంటుందిలెండి" అని హైందవి సంచి కింద పెట్టి, ఆమె పక్కన కూర్చుంది.